తరచూ అడగని ప్రశ్న

మనిషి ఆరోగ్యమంతా నుదుటి మీదే ఉంటుందని పాశమైలారం పారిశ్రామికవాడలో ఈ చలికాలం శాస్త్రీయంగా తేలిపోయింది. మిగతా ఒళ్లు ఎలా ఉన్నా పరిశ్రమకు అభ్యంతరం లేదు. ఊపిరితిత్తుల సంగతి ఎవరివి వారు చూసుకోవాలి. నుదురు మాత్రం గేటు దాటేదాకా కంపెనీ బాధ్యత.

మా కాలనీ నుంచి నడిచిపోయేంత దూరంలో ఒక మందుల కంపెనీ ఉంది. అక్కడ జ్వరం మాత్రలు తయారుచేస్తారు. (మాత్రలు లోపలివాళ్లు చేయాలి, జ్వరాలు బయటివాళ్లకు రావాలి. ఈ పని విభజన మొదటినుంచీ ఉన్నదే.) స్వైన్ ఫ్లూ మాట మళ్లీ వినబడగానే కంపెనీవారు ఎంతో చురుగ్గా స్పందించి, ‘జ్వర రహిత ప్రాంగణం’ అని గేటుకు పెద్ద బోర్డు కట్టించారు. తరువాత ఆ బోర్డును నిజం చేసే పని గేటు కాపలాదారు యాదన్నకు అప్పగించి, అతని చేతికి తుపాకీలాంటి థర్మామీటరు ఇచ్చారు.

పద్ధతి చాలా సులువు. యాదన్న నుదుటికి గురిపెట్టి మీట నొక్కుతాడు. పచ్చదీపం వెలిగితే మనిషి లోపలికి పోతాడు. ఎర్రదీపం వెలిగితే ఇంటికి పోతాడు, ఆ రోజు కూలి కూడా అతనితోపాటే పోతుంది. ఒకే మనిషికి మూడుసార్లు ఎర్రదీపం వెలిగితే కాంట్రాక్టరు ఆ పేరు కొట్టేస్తాడు. జబ్బు మనిషికి ఇంతకంటే విశ్రాంతి ఎవరూ ఇవ్వలేరు.

మొదటి వారం ఎర్రదీపాలు ధారాళంగా వెలిగాయి. రెండో వారం ఒక్కటీ వెలగలేదు. సంస్థ తీసుకున్న కఠిన నిర్ణయాలు చూసి వ్యాధి వెనక్కి తగ్గిందని నోటీసు బోర్డులో పెట్టారు.

తగ్గి ఎక్కడికి వెళ్లిందో నాకు ఏటీఎంలో కనిపించింది.

ఆ గేటుకు ఎదురుగా, రోడ్డవతల ఒక ఏటీఎం గది ఉంది. ఆ దారిపొడవునా ఏసీ పనిచేసే గదుల్లో కాపలావాడు అడ్డుకోనిది అదొక్కటే. మా వాషింగ్ మెషీన్ బాగుచేసే అతను ఫోన్లో డబ్బు పంపిస్తే తీసుకోడు (తీసుకుంటే వాళ్లావిడ ఫోను కూడా మోగుతుందట). అందుకని ఒక ఉదయం నేను ఆ ఏటీఎంకు వెళ్లాను.

అద్దం తలుపంతా ఆవిరి పట్టి ఉంది. లోపల పాతికమంది దాకా ఏసీ వైపు మొహాలెత్తి, కళ్లు మూసుకుని నిలబడి ఉన్నారు. ఎవరికి వారు మర్యాదగా దగ్గుకుంటున్నారు. నేను తలుపు తెరవగానే చల్లదనం బయటికి పోతోందని లోపలినుంచి రెండు మూడు భాషల్లో కేకలు వినిపించాయి.

తలుపు దగ్గరున్న ఒడిశా మనిషి నన్ను ఎగాదిగా చూసి, "పైసా నికాల్నే కో ఆయే క్యా, దీదీ? పైసేవాలీ లైన్ ఉధర్ హై" అని దారి చూపించాడు.

డబ్బుల లైన్‌లో ఎవరూ లేరు. మిషన్‌లో డబ్బూ లేదు. (ఆ శాఖలో జనం రాకపోకలు ఒక్కసారిగా పెరిగినందుకు బ్యాంకు మేనేజరుకు ప్రశంసాపత్రం వచ్చిందని తరువాత తెలిసింది.)

అంతమంది ఉన్నా అక్కడ తోపులాట లేదు. బాగా కాలుతున్నవాళ్లు ఏసీ కింద, గోరువెచ్చగా ఉన్నవాళ్లు తలుపు దగ్గర. ఎవరు ఏ కోవలోకి వస్తారో తేల్చే బాధ్యత చిన్నరాములుది. అతను కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు కాబట్టి వేడి విషయంలో అతని మాటకు ఎదురులేదు. అతను వరుసగా అందరి నుదుళ్ల మీదా ఒకే అరచెయ్యి పెట్టి చూస్తున్నాడు. ఆ వెనకాలే తడి తువ్వాల ఒకటి ఒక మొహం నుంచి ఇంకో మొహానికి చేతులు మారుతోంది. స్వైన్ ఫ్లూ ఎలా వ్యాపిస్తుంది అన్న ప్రశ్నకు ఇంత వివరమైన జవాబు నేను ఎక్కడా చూడలేదు.

ఏసీ కింద, మొదటి వరుసలో సునంద కనిపించింది.

సునంద వాళ్లు మా పై పోర్షన్‌లో కిరాయికి ఉంటారు. జిన్నారం దగ్గర పల్లె నుంచి వచ్చారు. భర్త సునీల్‌కుమార్ నీళ్ల ట్యాంకరు నడుపుతాడు. ఆమె ఆ కంపెనీలో మాత్రల ప్యాకింగు చేస్తుంది. ఇప్పుడు ఐదో నెల.

"సునందా, నువ్వేంది ఈడ?" అన్నాను.

"పైసలు తీస్కుందామని వచ్చిన అక్కా."

"కార్డేది?"

"ఇంట్ల మర్సిపోయిన" అని, దగ్గు ఆపుకోలేక గోడ పట్టుకుంది. చెయ్యి పట్టుకుని చూశాను. చిన్నరాములు అక్కర్లేకుండానే తెలిసిపోయేంత వేడి.

"ఎప్పటిసంది?"

"మొన్న పొద్దుమీకి సురువైంది. నిన్న గూడ గిట్లనే జెర సల్లబడి పోయిన. పచ్చదీపమే వచ్చింది."

"ఇయ్యాల పోవద్దు. నడువు ఇంటికి."

"మొదటి వారంల వచ్చిన ఉత్త జ్వరానికే నాకు రెండు ఎర్రదీపాలైనయ్ అక్కా. ఇంకొక్కటి వెలిగితే పేరు కొట్టేస్తరు. పేరు పోతే ఈఎస్ఐ కార్డు పోతది. ఆ దవఖాన డాక్టరమ్మ బీపీ ఉన్నదన్నది, కాన్పుకు ఆపరేషనే కావచ్చన్నది. ప్రైవేటుల మేమేడ పెడ్తం?"

"టీకా ఏసుకోలేదా? మొన్న మీ కంపెనీల క్యాంపు పెట్టిండ్రు గదా?"

"అది కంపెనీ ఉద్యోగులకంట. మేము కాంట్రాక్టరు మనుషులం."

(గమనించండి. గేటు దగ్గర జ్వరం చూసేటప్పుడు ఆమె కంపెనీ మనిషి. టీకా వేసేటప్పుడు కాంట్రాక్టరు మనిషి. కాంట్రాక్టరును అడిగితే, తాను మనుషులను సరఫరా చేస్తాను గానీ వాళ్ల లోపల ఏముందో తనకు సంబంధం లేదన్నాడట.)

చిన్నరాములు కల్పించుకుని, "పరేషాన్ గాకుండ్రి అమ్మా, ఇంకో ఐదు నిమిషాలు నిలబడితే పచ్చగైతది" అన్నాడు.

"దీపం పచ్చగైతది. మనిషి?"

"మనిషి సంగతి మనకేం ఎరుక? నేను బాయిలర్‌ల జేస్త" అన్నాడు.

అప్పుడే రోడ్డు మీద మైకు కట్టిన ఆటో పోతోంది. స్వైన్ ఫ్లూ మీద మా సందేహాలన్నీ ఆ ఉదయమే కాలనీ కమ్యూనిటీ హాలులో తీరుతాయని, డాక్టరు, మందులు అక్కడే ఉంటాయని అందులోంచి ఒక గొంతు చెబుతోంది. గర్భిణులకు ఈ జ్వరం వస్తే రెండు రోజులు దాటకముందే మందు పడాలని నేను పేపర్లో చదివాను. సునందకు ఆ సాయంత్రంతో రెండు రోజులు నిండుతాయి. ఆమెను చెయ్యి పట్టుకుని లాక్కుపోయాను.

సభను ఏర్పాటు చేసింది ‘తరచూ అడిగే ప్రశ్నల విభాగం’. ఆ విభాగం సహాయ సంచాలకులు మురళీమోహన్ గారు వేదిక మీద కూర్చున్నారు. పక్కన ఒక డాక్టరమ్మ, ఆమె కాళ్ల దగ్గర మాత్రల అట్టపెట్టె. నేను నేరుగా ఆమె దగ్గరికే పోయాను. "జవాబు ప్రకారమే మందు ఇవ్వాలమ్మా. ముందు సారు జవాబు చెప్పాలి" అంటూ ఆమె ఫ్యాను వైపు చూసింది. ఆ చూపులో తను కూడా చాలాసేపటినుంచి ఏదో అడగాలనుకుంటున్నట్టు ఉంది.

మా అత్తమ్మ నర్సింహమ్మ అప్పటికే ముందు వరుసలో కూర్చుని ఉంది. పక్కన మా వీధి ఆగమ్మ, ముత్యమ్మ. బిస్కెట్లు పంచారని వాళ్ల ఒడిలో రాలిన పొడి చూస్తే తెలుస్తోంది.

సభ మొదలైంది. పొలం అమ్మగా మిగిలిన రెండు గుంటల్లో ఆకుకూరలు వేసే పెద్దరాములు లేచాడు.

"పంది కూర తింటే వస్తదా సార్?"

మురళీమోహన్ గారి మొహం విప్పారింది. "చాలా తరచూ అడిగే ప్రశ్న. రాదు. బాగా ఉడికిన మాంసం వల్ల రాదు. మనిషి నుంచి మనిషికి వస్తుంది. దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు పడే తుంపరల వల్ల, ఆ తుంపరలు అంటిన చేతులు ముక్కుకూ నోటికీ తగలడం వల్ల వస్తుంది."

"మరి పందుల పేరెందుకు పెట్టిండ్రు?"

"ఇదీ తరచూ అడిగేదే. మొదట్లో ఈ వైరసుకు పందుల్లో తిరిగే ఫ్లూతో పోలికలు కనిపించాయి. ఆ పేరు అలాగే నిలిచిపోయింది."

"గా ముచ్చట పందులకు జెప్పిండ్రా సారూ?" అంది ఆగమ్మ.

మురళీమోహన్ గారు కాగితాలు తిరగేశారు. "ఇది అరుదుగా అడిగే ప్రశ్న. అరుదైనవాటికి మా విభాగంలో జవాబు ఉండదు. కూర్చోండి."

నేను మోచేత్తో పొడిచాను. సునంద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచింది.

"సార్, నాకు ఐదో నెల. మొన్నటిసంది జ్వరం, దగ్గు. నేనేం జెయ్యాలె?"

ఆయన కాగితాలు మొదటినుంచి చివరిదాకా చూశారు. చివరినుంచి మొదటిదాకా చూశారు.

"ఇది లేదమ్మా."

"జ్వరమైతే ఉన్నది సార్."

"జ్వరం ఉండవచ్చు. ప్రశ్న లేదు."

నేను లేచి కోపంగా ఏదో అన్నాను. ఆయన కోప్పడలేదు. (తరచూ కోప్పడేవాళ్లను ఆ విభాగంలోకి తీసుకోరట.) ఒక సభలో కనీసం పదిమంది అడిగితేనే ఏ ప్రశ్నకైనా తరచుదనం సిద్ధిస్తుందని, అంతకు తక్కువైతే అది ఆ మనిషి సొంత విషయమని, ప్రభుత్వం ఒకరి సొంత విషయంలో తలదూర్చడం భావ్యం కాదని ఓపికగా వివరించారు.

"అయితే దీనికి జవాబు మీకు తెల్వదా సార్?"

"తెలుసు. నా బ్యాగులోనే ఉంది. సీలు వేసి ఉంది. తరచుదనం లేకుండా విప్పితే ఆడిట్‌వాళ్లకు నేను జవాబు చెప్పుకోవాలి. దానికి ఏ జవాబూ లేదు."

సునంద మళ్లీ దగ్గింది. అప్పుడు మా అత్తమ్మ ఒళ్లోని బిస్కెట్ పొడి దులుపుకుని, మోకాళ్ల మీద చేతులు ఆనించి, మెల్లగా లేచింది.

"సారూ, నాకు గూడ ఐదో నెలనే. జ్వరం, దగ్గు. నేనేం జెయ్యాలె?"

మురళీమోహన్ గారు ఆమెను చూశారు. కలం తీశారు. "రెండు. వయసు?"

"డెబ్బై దాటింది."

"రాశాను. తరువాత?"

ఆగమ్మ లేచింది. ఆమె మనవడు ఇంటర్ చదువుతున్నాడు. "నాకు గూడ ఐదు నెలలే సారూ. మొదటి కాన్పు. జెర భయమైతాంది."

"మూడు. భయం వేరే ప్రశ్న. జ్వరం ఉందా?"

"దండిగున్నది."

ముత్యమ్మ లేచింది. "నాది గూడ గదే నెల. మా ఆయన పోయి మస్తు ఏండ్లాయె, అయినా అడుగుతున్న."

"భర్త వివరాలు అవసరం లేదమ్మా. నాలుగు."

నేను లేచాను. డిగ్రీ చదివినదాన్ని, గొంతు సవరించుకుని, వాక్యం తప్పుల్లేకుండా అడిగాను. చదువుకున్నవాళ్లు అడిగితే ప్రశ్నకు నిండుదనం వస్తుందని ఆయన మెచ్చుకున్నారు. నా వెనక నలుగురు వరుసగా లేచారు. వాళ్లలో ఒకావిడ అలవాటు కొద్దీ తొమ్మిదో నెల అనేసింది. అది వేరే ప్రశ్న అవుతుందని ఆయన హెచ్చరిస్తే నాలుగు నెలలు తగ్గించుకుంది.

తొమ్మిది అయ్యాయి. పదో మనిషి లేదు, వేదిక మీదున్న డాక్టరమ్మ అడగడానికి లేదట. మిగిలిన ఆడవాళ్లంతా మంచినీళ్ల ట్యాంకరు వచ్చిందని బిందెల కోసం పరుగెత్తారు. (ట్యాంకరు తెచ్చింది సునీల్‌కుమారే. భార్యకు అపకారం చేస్తున్నట్టు అతనికి తెలియదు.) హాలులో ఆడవాళ్లం తొమ్మిదిమందిమి, ఒక మూల పెద్దరాములు, ఇంకో మూల పొద్దుటి షిఫ్టును లోపలికి పంపి నైట్ డ్యూటీ దిగి యూనిఫాంలోనే వచ్చి టీ తాగుతున్న గేటు యాదన్న.

అందరం యాదన్న వైపు తిరిగాం.

"నా దిక్కు సూస్తున్నరేంది?" అన్నాడు యాదన్న.

"లేవురా యాదిగా" అంది అత్తమ్మ. "ఒక్క మాటంటే నీదేం బోతది?"

"పెద్దమ్మా, నేను సెక్యూరిటీని."

"అయితే? సెక్యూరిటోళ్లకు నెలలు నిండవా?"

"పెద్దరాములు మామను లేపుండ్రి, ఆయన పెద్ద మనిషి."

"నేను పందుల మీద రెండు ప్రశ్నలడిగిన, నా కోటా అయిపోయింది" అన్నాడు పెద్దరాములు, తలపాగా సర్దుకుంటూ.

యాదన్న సునంద వైపు చూశాడు. ఆమె కుర్చీ వెనక్కి తల వాల్చి నోటితో ఊపిరి పీలుస్తోంది. రోజూ ఆమె నుదుటికి గురిపెట్టేది అతనే. ఆ పచ్చదీపం ఏ గదిలోంచి వచ్చిందో అతనికి తెలియదని నేను అనుకోను. టీ గ్లాసు కింద పెట్టి, టోపీ పెట్టుకుని, అటెన్షన్‌లో నిలబడ్డాడు.

"సార్. నాకు గూడ ఐదో నెల."

మురళీమోహన్ గారి కలం ఆగింది. ఆయన కాగితాన్ని వెలుతురుకు పట్టి చూసి, "ఈ నమూనాలో ఆడ, మగ అన్న గడి లేదు" అన్నారు. "పది. పేరు?"

అలా ప్రశ్నకు తరచుదనం వచ్చింది. ఆయన బ్యాగు తెరిచి, లక్కముద్ర తీసి, నిలబడి చదివారు. గర్భిణులకు ఈ వ్యాధితో ప్రమాదం ఎక్కువ. పరీక్ష ఫలితం కోసం ఎదురుచూడకుండా, డాక్టరు చెప్పిన మందు మొదటి రెండు రోజుల్లోపే మొదలుపెట్టాలి. ఆయాసం వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా, బిడ్డ కదలిక తగ్గినా వెంటనే ఆసుపత్రికి పోవాలి. జ్వరం పూర్తిగా తగ్గాక ఇంకొక రోజు గడిచేదాకా ఇంట్లోనే ఉండాలి. కోలుకున్నాక టీకా వేయించుకోవచ్చు, కడుపులో బిడ్డకు దానివల్ల హాని లేదు.

ఆయన చివరి వాక్యంలో ఉండగానే డాక్టరమ్మ అట్టపెట్టె చించేసింది. సునందను అక్కడే కూర్చోబెట్టి వీపు మీద స్టెతస్కోపు పెట్టింది, బీపీ చూసింది, మొదటి మాత్ర తనే నీళ్లిచ్చి మింగించింది. వారం విశ్రాంతి అవసరమని చీటీ రాసి ముద్ర కొట్టింది. ఎప్పుడు ఆయాసం అనిపించినా ఫోను చేయమని తన నంబరు నా అరచేతి మీదే రాసింది.

నాలుగో రోజుకు జ్వరం దిగిపోయింది. బిడ్డ తంతున్నాడని పైనుంచి సునంద మెట్ల మీదికొచ్చి చెప్పింది. మా అత్తమ్మ తనక్కూడా బాగానే ఉందని, ఐదో నెల దాటిందని జవాబిచ్చింది.

ఇక్కడితో ఆపితే ఇది ఆరోగ్యకరమైన కథ అయ్యేది. కానీ ప్రభుత్వ పత్రాలు ఒకసారి పుట్టాక నడవడం మానవు. సభ వివరాలు కంపెనీకీ చేరాయి. అక్కడ మానవ వనరుల అధికారిణి పేరు నిషిత. చాలా మర్యాదస్తురాలు, చట్టాన్ని అక్షరమక్షరం పాటించే మనిషి. యాదన్న గర్భవతి అని ప్రభుత్వమే ధ్రువీకరించాక ఆమె ఆలస్యం చేయలేదు. ఏళ్ల తరబడి నిలబడి కాపలా కాసిన అతనికి గేటు దగ్గర మెత్తని కుర్చీ వేయించారు. బరువులు ఎత్తనివ్వొద్దని ఆదేశాలు వెళ్లాయి. (గర్భాన్ని నుదుటి మీద కొలిచే పరికరం ఇంకా రాలేదు కాబట్టి ఈ విషయంలో కాగితాన్ని నమ్మక తప్పదన్నారు.)

వారం తరువాత సునంద డ్యూటీకి వెళితే పేరు పెండింగ్‌లో ఉందన్నారు. తోడుగా నేనూ వెళ్లాను. నిషిత గారు మాకు కుర్చీలు చూపించి, మంచినీళ్లిచ్చి, డాక్టరు చీటీని మూడు వైపులనుంచీ పరిశీలించారు.

"ఇందులో మంగళవారం నుంచే జ్వరం అని ఉంది. బుధవారం మా పరికరం పచ్చదీపం చూపించింది. అంటే జ్వరం లేదు. కారణం లేకుండా వారం రోజులు రాలేదన్నమాట."

"గవర్నమెంటు డాక్టరే రాసిచ్చింది గదా మేడం" అన్నాను.

"డాక్టరును అవమానించడం మా ఉద్దేశం కాదు. పరికరం సరిగ్గా కొలుస్తోందో లేదో ప్రతి ఆరు నెలలకూ క్యాలిబ్రేషన్ చేయిస్తాం. డాక్టరుకు చేయించినట్టు ఎక్కడా లేదు."

నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. రోడ్డవతల, ఆవిరి పట్టిన అద్దం తలుపు ఆ కిటికీలోంచే కనిపిస్తోంది. లోపల నీడలు కదులుతున్నాయి. నేను నోరు తెరిస్తే సునంద పేరు నిలబడేది కాదు, అక్కడున్న అందరి పేర్లూ పోయేవి. సునంద టేబుల్ కింద నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. మంచినీళ్లు తాగేశాను.

నిషిత గారు మా మౌనానికి నొచ్చుకున్నారు. ఆమెకూ ఒక కూతురుందట. చాలాసేపు ఆలోచించి, ఎవరికీ నష్టం లేని దారి ఒకటి కనిపెట్టారు.

"ఆమెకు జ్వరం వచ్చే మాట నిజమేనని గేటు దగ్గర ఒక్కసారి రుజువైతే చాలు. సెలవు మంజూరు చేసేస్తాను. ఇప్పుడు లేదు కాబట్టి, మళ్లీ వచ్చినప్పుడు తీసుకురండి. అప్పటిదాకా పేరు కొట్టేయం, పెండింగ్‌లోనే ఉంచుతాం. కార్డు కూడా పెండింగ్‌లోనే ఉంటుంది."

"చూపిస్తే నాకది మూడో ఎర్రదీపమైతది గద మేడం?" అంది సునంద.

"అవుతుంది. అది వేరే నిబంధన. దానికి వేరే సెక్షన్‌లో మాట్లాడుకోవాలి."

బయటికొచ్చాం. యాదన్న తన కుర్చీలోంచి లేవబోయి, లేవకూడదన్న ఆదేశం గుర్తొచ్చి, కూర్చునే సెల్యూట్ కొట్టాడు. సునంద పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కాలనీ దాకా నడిచింది. మా గేటు దగ్గర ఆగింది.

"అక్కా, అన్నీ అడిగినవ్ గానీ, జ్వరం ఏ షిఫ్టుకు తేవాల్నో అడగకపోతివి?"

నిజమే అనిపించి, లోపలికెళ్లి ఫోను చేసి కనుక్కున్నాను. ఏ షిఫ్టుకు తెచ్చినా ఫరవాలేదట. తోటి కార్మికుల ఆరోగ్యం దృష్ట్యా మాస్కు మాత్రం తప్పనిసరట.